గోదావరి వంటింట్లో డోనట్: చేసుకోవడం, కొనుక్కోవడం, తినడం

మా ఇంట్లో పలహారాలు రెండు రకాలు. డబ్బాకెత్తుకునేవి, మూకుడు దగ్గరే నిలబడి తినేసేవి. అరిసెలు, కాజాలు, జంతికలు, కజ్జికాయలు మొదటి రకం. సంక్రాంతికి వండిన అరిసె నెల తిరిగినా బాగానే ఉంటుంది. గారెలు, పుణుగులు, బూరెలు రెండో రకం. వేడి మీద ఉన్న గారె వేరు, సాయంత్రానికి మిగిలిపోయిన గారె వేరు.

డోనట్ అంటే మధ్యలో చిల్లు పెట్టి నూనెలో వేయించే తియ్యటి మైదా పలహారం. అది అట్టపెట్టెలో వస్తుంది. పైన పంచదార పూత ఉంటుంది. అందుకని చాలామంది దాన్ని తాపేశ్వరం కాజాతో జమకట్టేస్తారు. మూడు రోజులు ఫ్రిజ్‌లో దాచి, నాలుగో రోజు కొరికి, "ఇంతేనా డోనట్ అంటే? ఎండిపోయిన బన్నులా ఉంది" అంటారు. నాకు అది వినగానే బాధేస్తుంది. డోనట్ గారె జాతికి చెందింది. దానికి వయసు గంటల్లో లెక్కపెట్టాలి. ఇంట్లో చేసుకున్నా, కొట్లో కొన్నా ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ దాన్నిబట్టే తెలుస్తాయి.

మాది కోనసీమ, అమలాపురం దగ్గర. ఇక్కడి ఎండకీ, ఉక్కపోతకీ, ఇక్కడ దొరికే సామానుకీ సరిపోయేలా ఈ పద్ధతి రాస్తున్నాను. ఏసీ వంటగదుల్లో తీసిన వీడియోల్లోని కొలతలు, టైములు మన దగ్గర యథాతథంగా పనిచేయవు. నేను మొదట్లో ఎక్కువగా పాడుచేసింది వాటిని నమ్మే.

చిల్లు ఎందుకు

గారెకి చిల్లు ఎందుకు పెడతామో డోనట్‌కీ అందుకే. పైన ఎర్రబడేసరికి మధ్యలో పిండి పచ్చిగా ఉండిపోతుంది. చిల్లు పెడితే నూనె లోపలి వైపు నుంచి కూడా తగిలి సమంగా ఉడుకుతుంది. అమెరికాలో ఈ చిల్లుకి హాన్సన్ గ్రెగరీ అనే నావికుడి పేరు చెబుతారు. 1847లో, పదహారేళ్ల వయసులో, ఓడ మీద మిరియాల డబ్బా మూతతో మధ్యలో పిండి తీసేశానని ఆయన ముసలితనంలో చెప్పుకున్నాడు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది కూడా ఆ 1847లోనే. నాకు ఆ ఏడాది అందుకే గుర్తుండిపోయింది.

అంతకుముందు అమెరికాకి ఈ వంటకాన్ని తీసుకెళ్లింది డచ్చివాళ్లు. వాళ్ల భాషలో దాని పేరుకి అర్థం 'నూనె కేకు'. ఆ డచ్చివాళ్లే మన పాలకొల్లులో గిడ్డంగి కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు.

ముందు రెండు జాతులూ తెలుసుకోండి

ఈస్ట్ డోనట్ ఒకటి. ఈస్ట్ అంటే పిండిని పులియబెట్టే సన్నటి జీవాలున్న పొడి. దానితో పిండి పులిసి పొంగుతుంది. చేత్తో పట్టుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటుంది, నొక్కితే మళ్లీ లేస్తుంది. షాపుల్లో మెరిసే పూతతో కనిపించేవి ఎక్కువగా ఇవే. రెండోది కేకు డోనట్. బేకింగ్ పౌడరుతో చేస్తారు. బరువుగా, పైన పగుళ్లతో, లోపల కేకులా పొడిపొడిగా ఉంటుంది. మొదటిదానికి మూడు గంటలు కావాలి, రెండోదానికి గంట చాలు. మొదటిసారి చేసేవాళ్లని చాలామంది కేకు డోనట్‌తో మొదలుపెట్టమంటారు. నేను మాత్రం ఈస్ట్ డోనటే చేయమంటాను. ఆ మెత్తదనం ఒకసారి ఇంట్లో చూస్తే మళ్లీ మళ్లీ చేస్తారు.

సామాను

పది డోనట్‌లకి ఇవి కావాలి:

మైదా 300 గ్రాములు
ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు (టీస్పూనున్నర)
పంచదార 40 గ్రాములు
ఉప్పు 4 గ్రాములు (ముప్పావు టీస్పూను)
పాలు 140 మిల్లీలీటర్లు
గుడ్డు 1
వెన్న 40 గ్రాములు
జాజికాయ పొడి చిటికెడు, లేదా రెండు ఏలకులు
వేయించడానికి నూనె

చెంచాల కొలత కంటే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనుక్కోవడం మంచిది. మైదా గ్లాసుతో కొలిస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది.

మైదా ప్యాకెట్ వెనక 100 గ్రాములకి ప్రొటీన్ ఎంతో రాసి ఉంటుంది. రెండు మూడు రకాలు ఉంటే ప్రొటీన్ ఎక్కువున్నది తీసుకోండి. 10 గ్రాములు దాటితే మంచిది. పిండికి సాగే గుణం వచ్చేది దానివల్లే. ఈస్ట్ కేకు సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది. ప్యాకెట్ విప్పాక గాలి చొరని సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. మన గాలిలో చెమ్మ ఎక్కువ, బయట పెడితే త్వరగా చచ్చిపోతుంది. బతికుందో లేదో అనుమానం వస్తే, గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా పంచదార, అర చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. నురగ కడితే బతికున్నట్టు. కట్టకపోతే పారేయండి, దానితో పిండి పాడుచేసుకోవద్దు.

గుడ్డు తిననివాళ్లు దాని బదులు రెండు టేబుల్ స్పూన్ల గట్టి పెరుగు, ఇంకో టేబుల్ స్పూను పాలు వేసుకోండి. రంగు కొంచెం తగ్గుతుంది, మెత్తదనం దాదాపు అంతే ఉంటుంది. మా అత్తయ్యగారికి నేను అలాగే చేస్తాను.

పిండి కలపడం

మైదా, ఈస్ట్, పంచదార, ఉప్పు, జాజికాయ పొడి కలిపేయండి. పాలు, గిలకొట్టిన గుడ్డు పోసి ముద్ద చేయండి. వెన్న ఇప్పుడే వేయకండి.

పాల సంగతి దగ్గర మనం ఆగాలి. ప్రతి పద్ధతిలోనూ 'గోరువెచ్చటి పాలు' అని ఉంటుంది. డిసెంబరు, జనవరిలో అయితే సరే. ఏప్రిల్, మే నెలల్లో మన వంటగదిలో మైదా డబ్బాయే వెచ్చగా ఉంటుంది. అప్పుడు పాలు ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే పోయండి. లేకపోతే పిసికేలోపే పిండి వేడెక్కి, వెన్న కరిగి, చేతికి జిగురులా అంటుకుంటుంది. మనం పిండి తడెక్కువైందని మైదా చల్లుతాం. అలా చల్లిన మైదాతోనే డోనట్ గట్టిపడుతుంది. నేను రెండు మూడు వేసవులు ఈ తప్పే చేశాను. ఎండాకాలంలో ఈస్ట్ కూడా 4 గ్రాములకి తగ్గించండి. ఏ కాలమైనా మరీ వేడి పాలు పోయకండి. వేలు పెడితే చురుక్కుమనే వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది.

ముద్ద అయ్యాక పది నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. తర్వాత వెన్న కొంచెం కొంచెంగా వేస్తూ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పిసకండి. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, తిప్పి, మళ్లీ తోయడం. వెన్న వేయగానే పిండి చెదిరిపోయినట్టు కనిపిస్తుంది, భయపడకండి, రెండు నిమిషాల్లో మళ్లీ కలుస్తుంది. బొబ్బట్ల పిండి సాగదీసే చేతులకి ఇదేమీ కొత్త కాదు.

ఎప్పుడు ఆపాలి? నిమ్మకాయంత ముద్ద తీసుకుని రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా పలచగా సాగదీయండి. ఆత్రేయపురం పూతరేకులా వెలుతురు కనపడాలి, చిరగకూడదు. చిరిగితే ఇంకో మూడు నిమిషాలు పిసకండి.

పొంగనివ్వడం

గిన్నెకి నూనె రాసి, పిండి పెట్టి, తడిబట్ట కప్పండి. రెండింతలు అవ్వాలి. పుస్తకాల్లో గంట, గంటన్నర అని ఉంటుంది. మేలో మా ఇంట్లో నలభై నిమిషాలకే పొంగిపోతుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున కలిపితే గంటన్నర దాటినా కదలదు. అప్పుడు వేడినీళ్ల గ్లాసు పక్కన పెట్టి, పొయ్యి వెలిగించని ఓవెన్‌లోనో, మూసిన అలమారలోనో ఉంచండి. గడియారం పక్కన పెట్టి వేలికి మైదా అద్దుకుని పిండిలో గుచ్చి చూడండి. గుంట అలాగే ఉండిపోతే అయినట్టు. వెంటనే పూడుకుపోతే ఇంకా ఉండాలి. వేలు పెట్టగానే మొత్తం కుంగి, కల్లు వాసన వస్తే ఆలస్యం చేశారు.

మా అత్తయ్యగారు మొదటిసారి చూసి, "ఇదేం పలహారమమ్మా, పిండి లేచేదాకా మనం కూర్చోవాలా?" అన్నారు. ఆవిడకి మినప్పిండి రుబ్బిన పది నిమిషాల్లో గారె నూనెలో పడాలి. ఇప్పుడు ఆ వేలు గుచ్చి చూసే పని ఆవిడదే.

ఎండాకాలానికి నేను ఎక్కువగా వాడే దారి ఇంకొకటి ఉంది. రాత్రి తొమ్మిదింటికి పిండి కలిపి, ఇరవై నిమిషాలు బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయడం. ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో నెమ్మదిగా పొంగుతుంది. రుచి కూడా లోతుగా వస్తుంది. పొద్దున్న చల్లటి పిండి చక్కగా ఒత్తుకోవచ్చు, అంటుకోదు. రాత్రి కరెంటు పోయి చాలాసేపు రాకపోతే మాత్రం లేచి ఒకసారి చూసుకోండి.

ఒత్తడం, కొయ్యడం, రెండో పొంగు

పిండిని మెల్లగా నొక్కి గాలి తీసేయండి. పీట మీద కొంచెం మైదా చల్లి, అప్పడాల కర్రతో ఒక సెంటీమీటరు మందాన ఒత్తండి. చపాతీలా పలచగా ఒత్తితే బిస్కెట్ అవుతుంది. అంచు పదునుగా ఉన్న స్టీలు గ్లాసుతో నిలువుగా నొక్కి గుండ్రంగా కొయ్యండి. చిల్లుకి మంచినీళ్ల సీసా మూత సరిపోతుంది. గ్లాసుని తిప్పకండి. తిప్పితే అంచులు అతుక్కుపోయి పైకి లేవవు.

మిగిలిన ముక్కల్ని కలిపి మళ్లీ ఒత్తుకోవచ్చు కానీ అవి మొదటి వాటంత మెత్తగా రావు. వాటిని నేను చిన్న ఉండలుగా చేసి పిల్లలకి వేయిస్తాను. చిల్లుల్లోంచి వచ్చిన బిళ్లలు కూడా అంతే.

ఇక్కడ మన అరటాకు బాగా పనికొస్తుంది. డోనట్ కంటే కొంచెం పెద్దవిగా ఆకు ముక్కలు కోసి, తడి లేకుండా తుడిచి, నూనె రాసి, ఒక్కో ముక్క మీద ఒక్కో డోనట్ పెట్టండి. పొంగిన పిండిని చేత్తో ఎత్తితే గాలంతా పోతుంది. ఆకు మీద ఉంటే గారె జార్చినట్టే నూనెలోకి జార్చేయొచ్చు. ఆకుకి నీటి చుక్క ఉంటే నూనె చిమ్ముతుంది, అందుకే తుడవమన్నాను. బటర్ పేపరు కూడా వాడుకోవచ్చు.

ఈ రెండో పొంగుకి ఎండాకాలం ఇరవై నిమిషాలు, చలికాలం నలభై. వేలితో పక్కన మెల్లగా తాకితే చిన్న గుంట పడి నెమ్మదిగా సగం పూడాలి. ఇది తొందరపడితే డోనట్ బరువుగా వస్తుంది, మరీ ఆలస్యమైతే నూనెలో వేయగానే చప్పబడి ముడతలు పడుతుంది. పది డోనట్‌లు ఉంటాయి కాబట్టి ముందు కోసినవి ముందు వేయించాలి.

నూనె

అసలు పనితనం ఇక్కడే. బూరెల మూకుడులో మూడు వేళ్ల లోతు నూనె ఉండాలి. పొద్దుతిరుగుడు నూనె, తవుడు నూనె, పామాయిల్ ఏదైనా పర్వాలేదు. వేరుశనగ నూనె వాసన డోనట్‌ని మింగేస్తుంది, గారెకి దాన్ని ఉంచండి.

నూనె వేడి 175 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటరు ఉంటే టెన్షన్ ఉండదు. లేకపోతే పెసరగింజంత పిండి వేయండి. అది మునిగి, రెండు మూడు క్షణాల్లో పైకి తేలి, చుట్టూ చిన్న బుడగలు రావాలి. వేయగానే చుయ్‌మని ఎర్రబడితే వేడెక్కువ. అడుగునే కూర్చుంటే తక్కువ. గారెలు వేసే వేడి కంటే కొంచెం తక్కువ, పూర్ణం బూరెలు వేసే మంట దగ్గర అనుకోండి. వేడి తక్కువైతే డోనట్ నూనె పీల్చుకుని చేతికి కారుతుంది. ఎక్కువైతే పైన నల్లబడి లోపల పిండి ముద్దగా ఉంటుంది. వీటిలో రెండోదే ఎక్కువమంది చేస్తారు. ఎందుకంటే ఇందులో పంచదార, పాలు ఉన్నాయి, గారె పిండి కంటే చాలా త్వరగా రంగు వస్తుంది.

ఒక వాయికి రెండు, మహా అయితే మూడు. ఎక్కువ వేస్తే నూనె చల్లబడుతుంది. ఒక్కో వైపు నిమిషం నుంచి నిమిషంన్నర. ఒక్కసారే తిప్పండి. మాటిమాటికీ తిప్పితే నూనె పీలుస్తుంది. తేనెరంగు రాగానే చిల్లుల గరిటెతో తీసేయండి. బాగా పొంగిన డోనట్ నూనెలో సగమే మునుగుతుంది, అందుకని నడుం చుట్టూ తెల్లటి గీత మిగులుతుంది. ఆ గీత కనిపిస్తే మీ పిండి, పొంగు, నూనె మూడూ కుదిరినట్టే. మొదటిసారి నాకు ఆ తెల్ల గీత వచ్చినప్పుడు ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను.

తీసినవి జల్లి మీదో, స్టీలు చిల్లుల పళ్లెం మీదో ఆరబెట్టండి. పేపరు వేస్తే వార్తాపత్రిక వద్దు, అచ్చు సిరా తిండికి అంటుతుంది. అలా వాడొద్దని ఆహార భద్రతా సంస్థ కూడా చెబుతోంది. మిగిలిన నూనె వడకట్టి ఒకసారి కూరలకి వాడుకోండి. నల్లబడిన నూనెని కాలవలో పోయకండి. ఆ కాలవ నీళ్లే మన చేలకీ చెరువులకీ వెళ్లేది.

పైపూత

పంచదార పూతకి 150 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండున్నర టేబుల్ స్పూన్ల పాలు, రెండు చుక్కల వెనిల్లా. ఐసింగ్ షుగర్ లేకపోతే పంచదారలో ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ వేసి మిక్సీలో మెత్తగా పొడి కొట్టి జల్లించండి. దోశపిండి కంటే కొంచెం పలచగా ఉండాలి. డోనట్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒక వైపు ముంచి తీస్తే గాజులా పలచటి పొర కడుతుంది. మరీ వేడిగా ఉంటే పూత జారిపోతుంది, పూర్తిగా చల్లారితే మందంగా పేరుకుంటుంది.

చాక్లెట్ పూతకి 100 గ్రాముల డార్క్ చాక్లెట్, 80 మిల్లీలీటర్ల వేడి క్రీము కలపాలి. దీనికి మాత్రం డోనట్ పూర్తిగా చల్లారాలి. ఏలూరు వైపు, కోనసీమలో కొబ్బరితోటల నీడన కోకో పండిస్తారని మీకు తెలిసే ఉంటుంది. మన తోటల గింజతో చేసిన చాక్లెట్ దొరికితే దానితో ఒకసారి చేసి చూడండి.

నాకు అన్నిటికంటే ఇష్టం బెల్లం పూత. 100 గ్రాముల బెల్లం, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు వేసి కరిగించి వడకట్టండి, ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి, వేళ్ల మధ్య జిగురుగా అంటి ఇంకా తీగ సాగని దశలో దించి, చెంచా నెయ్యి, ఏలకుల పొడి వేయండి. తీగపాకం వచ్చిందంటే చల్లారాక గట్టిపడి పళ్లకి అంటుకుంటుంది. పాకం గారెలు తిన్న నోటికి ఇది వెంటనే నచ్చుతుంది. తేడా ఒక్కటే, గారెని పాకంలో నానబెడతాం, డోనట్‌ని ముంచి వెంటనే తీసేయాలి.

లోపల కూరి పెట్టేవి కావాలంటే చిల్లు పెట్టకుండా గుండ్రంగా వేయించి, చల్లారాక పక్కన పుల్లతో రంధ్రం చేసి, శుభ్రమైన కవరు మూల కత్తిరించి దానితో నింపాలి. కొబ్బరి, బెల్లం కలిపి దగ్గరకి ఉడికించిన లౌజు మెత్తగా చేసి పాలమీగడతో పలచబరిస్తే బాగా ఎక్కుతుంది. వేసవిలో మామిడిరసం గట్టిపడేదాకా ఉడికించి పెట్టొచ్చు. గుడ్డు, పాల కస్టర్డ్ మాత్రం మన వేడికి ప్రమాదం. దాన్ని తినే ముందే నింపండి, మిగిలితే మర్నాటికి ఉంచకండి.

గంటలో అయ్యే కేకు డోనట్

200 గ్రాముల మైదా, టీస్పూనున్నర బేకింగ్ పౌడరు, 70 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు, 70 మిల్లీలీటర్ల చిక్కటి మజ్జిగ, 25 గ్రాముల కరిగిన వెన్న. పిసకకూడదు, కలిసేదాకా కలిపి ఆపేయాలి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, మైదా చల్లి ఒత్తి, కోసి, అదే వేడిలో వేయించండి. మజ్జిగలో సగం తగ్గించి బాగా ముగ్గిన కర్పూర అరటిపండు ఒకటి మెదిపి వేస్తే ఇంకా బాగుంటుంది. రావులపాలెం చుట్టుపక్కల ఉన్నవాళ్లకి పండుకి కొదవేముంది. పిండి మరీ జారుగా ఉంటే రెండు చెంచాల మైదా చేర్చండి. ఇది మర్నాటికి కూడా తినేలా ఉంటుంది.

కొనేటప్పుడు

ఏ బేకరీకి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "ఇవి ఎప్పుడు చేశారండీ?" అక్కడే చేస్తారా, ఇంకో ఊరి నుంచి వస్తాయా కూడా అడగండి. వచ్చే పద్ధతైతే బండి ఏ టైముకి వస్తుందో తెలుసుకుని అప్పుడే వెళ్లండి. సాయంత్రం తినడానికి పొద్దున్నే కొనొద్దు.

తర్వాత కళ్లతో చూడండి. నడుం చుట్టూ తెల్ల గీత ఉందా? పైపూత పొడిగా మెరుస్తోందా, చెమట పట్టినట్టు ఉందా? చెమట పట్టిందంటే ఫ్రిజ్‌లోంచి బయటికి తీశారనో, వేడి మీద మూతపెట్టారనో అర్థం. అడుగున కాగితానికి నూనె మరక పెద్దగా ఉంటే వదిలేయండి. దగ్గరికి తీసుకుంటే పాల వాసన, ఈస్ట్ వాసన రావాలి, పాత నూనె వాసన రాకూడదు. రంగురంగుల చల్లుడు గింజలు చూసి మోసపోకండి. ఒక కొట్టు ఎలాంటిదో తెలియాలంటే ముందు ఒక్క సాదా డోనట్ కొని తినండి. అది బాగుంటేనే మిగతావి.

ప్యాకెట్లో వచ్చేవాటికి తేదీ, గుర్తు చూడండి. గుడ్డు ఉంటే ఆకుపచ్చ చుక్క ఉండదు, గోధుమరంగు గుర్తు ఉంటుంది. గుడ్డు తినని పెద్దవాళ్లకి పెట్టే ముందు ఇది తప్పనిసరి. విడిగా అమ్మేవాటికి గుర్తు ఉండదు కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

ఒకసారి మే నెలలో రాజమండ్రి నుంచి డజను డోనట్‌లు కొని బస్సులో అమలాపురం తెచ్చాను. పెట్టె ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడేశాను. రెండు గంటల ప్రయాణం. రావులపాలెం దాటేసరికే పూతంతా కరిగి మూతకి అంటుకుపోయింది. మా చంటిది ఆ పెట్టె విప్పి చూసి ఏడ్చింది. అప్పటినుంచి ఎండాకాలం పూత లేనివో, పంచదార పొడి చల్లినవో మాత్రమే దూరం తెస్తాను. పెట్టె అడ్డంగా, ఒడిలో పెట్టుకోవాలి. మూత కొంచెం తెరిచి గాలి ఆడనివ్వాలి. కారు డిక్కీలో పెట్టొద్దు. చాక్లెట్ పూతవి తేవాలంటే పొద్దున్న ఏడింటి లోపు బయల్దేరాలి.

దాచడం, వేడి చేయడం

ఫ్రిజ్ డోనట్‌కి శత్రువు. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి మెతుకు బిరుసెక్కుతుంది కదా, మైదాకీ అదే జరుగుతుంది. చల్లారే కొద్దీ పిండిలో గంజి గట్టిపడుతుంది, ఫ్రిజ్ చలిలో ఇంకా త్వరగా. అదే అన్నం వేడిచేస్తే మళ్లీ మెత్తబడినట్టు డోనట్ కూడా వేడికి కాస్త తేరుకుంటుంది. అందుకే ఆరోజు తినేవి బయటే, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో గిన్నె పెట్టి, ఆ గిన్నెలో ఉంచండి. క్రీము నింపినవి మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఆ పూటే అయిపోవాలి.

ఎక్కువ రోజులకైతే ఫ్రీజరే దారి. పూత వేయకుండా, పూర్తిగా చల్లారాక, ఒక్కోటి విడిగా చుట్టి పెడితే నెల రోజులు ఉంటాయి. తీసి గంట బయట ఉంచి, వేడి చేసి, అప్పుడు పూత వేయండి.

వేడి చేయడం: మైక్రోవేవ్‌లో ఎనిమిది నుంచి పది సెకన్లు చాలు. ఇరవై సెకన్లు పెడితే అప్పటికి మెత్తగా ఉండి, రెండు నిమిషాల్లో రబ్బరులా అవుతుంది. కేకు డోనట్‌కి ఎయిర్ ఫ్రయర్‌లో 150 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు బాగుంటుంది. రెండూ లేకపోతే దోశ పెనం సన్నటి సెగ మీద పెట్టి, పూత లేనిదాన్ని మూతేసి ఒక్కో వైపు నిమిషం ఉంచండి.

తినడం

ఇంట్లో చేస్తే పూత ఆరేదాకా పది నిమిషాలు ఆగండి, అంతకంటే వద్దు. మూకుడులోంచి తీసిన క్షణంలో లోపల ఆవిరి ఉంటుంది, పిండి ముద్దగా అనిపిస్తుంది. పది నిమిషాలకి ఆవిరి పోయి, పై పొర చిటుక్కుమని, లోపల దూదిలా ఉంటుంది. ఇంకో రెండు గంటలు అలా ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకి పిల్లలు బడి నుంచి వస్తారనుకుంటే మధ్యాహ్నం రెండింటికి పిండి కలపాలి.

పక్కన పంచదార తక్కువేసిన డికాక్షన్ కాఫీ ఉండాలి. తియ్యటి పాలతోనో, రోజ్ మిల్క్‌తోనో తింటే రెండు తీపులూ కొట్టుకుని రెండూ తెలియవు. కొన్న పెట్టెలో నాలుగు రకాలుంటే చాకుతో నాలుగేసి ముక్కలు కోసి పళ్లెంలో పెట్టండి. అందరికీ అన్నీ అందుతాయి. సాదావి ముందు, చాక్లెట్‌వి చివర. షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల కోసం పూత లేని చిల్లు బిళ్లలు రెండు పక్కన తీసి ఉంచండి. పూర్తిగా వద్దనిపించుకుని చూస్తూ కూర్చోవడం వాళ్లకి కష్టం.

ఇంత చేసినా మర్నాటికి మిగిలితే అడ్డంగా రెండు చక్రాలుగా కోయండి. పెనం మీద చెంచా నెయ్యి వేసి, కోసిన వైపు కిందకి పెట్టి, ఎర్రబడనివ్వండి. పూతలోని పంచదార కూడా కొంచెం కరిగి అంచులు కరకరలాడతాయి. మా అత్తయ్యగారు కొత్త డోనట్ ఒకటి తిని ఊరుకుంటారు గానీ, ఈ నెయ్యి ముక్కల కోసం మాత్రం రెండు కావాలని ముందురోజే దాయించుకుంటారు.